కడబంతి కంచం

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని సామెత. ఈ సామెత పుట్టించింది తప్పకుండా మగవాడే అయివుంటాడు. ఆడవాళ్ళు పుట్టించి వుంటే మరోలా వుండేది. ఎందుకంటారా? మన ఇళ్ళల్లో వడ్డించేదీ మనమే, కడబంతిని కూర్చునేదీ మనమే. అయినా మన కంచంలోకి వచ్చేది గిన్నె అడుగున మిగిలిన మెతుకులూ, ముక్కలన్నీ పోగా మిగిలిన పులుసూ, పొద్దుటి పచ్చడీను. వడ్డించే చెయ్యి మనదే అయివుండి కూడా మనకి దక్కని విందు ప్రపంచంలో ఇదొక్కటే కాబోలు!

ఈ మాట సరదాకి అనటం లేదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత. అదే వయసు మగవాళ్ళలో నూటికి 15 మందికే. ఆరు నెలలు నిండి అయిదేళ్ళు నిండని పిల్లల్లో నూటికి 70 మందికి. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే గిన్నె. మరి ఆ గిన్నెలో తిండి మనిషిని చూసి మారిపోతుందా ఏమిటి?

నెలనెలా పోయే రక్తం, కాన్పులు, పాలివ్వటం - ఇవన్నీ ఆడదాని ఒంటికి ప్రకృతి రాసిపెట్టిన ఖర్చులు. నిజమే. కాని ఖర్చు ఎక్కువ వున్న ఖాతాలో జమ కూడా ఎక్కువ వెయ్యాలి గదా! మన పోషకాహార శాస్త్రవేత్తలు 2020లో వేసిన లెక్క ప్రకారం రోజుకి మగవాడికి కావలసిన ఇనుము 19 మిల్లీగ్రాములు, ఆడదానికి 29. అదే శక్తి లెక్కకొస్తే, కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకి 2110 కాలరీలు, ఆడదానికి 1660 చాలు. అంటే ఏమన్నమాట? ఆడవాళ్ళు తినేది తక్కువ ముద్దలు. ఆ తక్కువ ముద్దల్లోనే ఒకటిన్నర రెట్ల ఇనుము వుండాలి. ఇంట్లో అందరికన్నా సారవంతమైన కంచం ఎవరిది కావాలి? ఎవరిది అవుతోంది?

మా పాలమూరు దిక్కు సంగతే తీసుకోండి. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడగొట్టినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు వేరు జిల్లాలయ్యాయి. జిల్లాలు వేరైనా పొయ్యిలు వేరు కాలేదు. గర్భిణుల్లో రక్తహీనత ఎక్కువగా వున్న తొమ్మిది జిల్లాలను ఎంచి 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం న్యూట్రిషన్ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తొమ్మిదింటిలో గద్వాల వుంది, నాగర్‌కర్నూల్ వుంది. వనపర్తి లేదు గదా అని వనపర్తి అక్కయ్యలు సంబరపడనక్కర్లేదు. రాష్ట్రం మొత్తం మీదే సగానికి పైగా ఆడవాళ్ళకి నెత్తురు చాలనప్పుడు, జాబితాలో పేరు లేకపోతే జబ్బు లేదని కాదు.

ఆ సంచిలో ఖర్జూరాలు, నెయ్యి, పోషకాల పొడి, ఇనుము టానిక్కు ఇచ్చారు. మంచిదే. కాని అటువంటి సంచి ఇంటికి వచ్చాక ఏమవుతుందో మనకి తెలియదా? ఖర్జూరాలు పిల్లల చేతుల్లోకి, నెయ్యి ఆయన పప్పులోకి, పొడి అత్తమ్మ పాలగ్లాసులోకి. ఇక టానిక్కు సీసా - అది తాగితే విరేచనం నల్లగా అవుతోందని భయపడి అలమారులో. (ఇనుము మందు తాగితే అలాగే అవుతుంది, భయమేం లేదు.) ఎవరి పేరున వచ్చిందో ఆ మనిషికి తప్ప ఇంటిల్లిపాదికీ అందింది. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు సుమండీ. ఎవరూ లాక్కోలేదు. ఆమే పంచిపెట్టింది. మన త్యాగమే మన రోగం.

ఇది సగం కథ. కడబంతికి మిగిలేదేమిటన్నది మిగతా సగం.

ఈ మూడు జిల్లాలదీ చాలామటుకు మెట్టనేల. పచ్చజొన్న, తెల్లజొన్న, సజ్జ, కొర్ర, తైదలు, కంది, పల్లి పండిన నేల. పొద్దున రొట్టె, ఉల్లిగడ్డ కారం, పుంటికూర. మధ్యాహ్నం గటక, పచ్చిపులుసు. ఎండల్లో అంబలి. వరి బువ్వ పండక్కో పబ్బానికో, లేకపోతే చుట్టం వస్తేనో. పాలమూరు లేబరని దేశమంతా పేరుపడ్డ మనుషులు ఎక్కడెక్కడి ఆనకట్టలో కట్టిందీ, కాలవలు తవ్విందీ ఆ రొట్టె మూటతోనే.

ఎప్పుడో గాని దొరకనిదే గొప్పది. వరి అన్నం అలా గొప్పదయింది. జొన్నరొట్టె పేదింటి తిండి, తెల్లన్నం దొరవారి తిండి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇస్తే ఆకలి తెలిసిన ఇళ్ళల్లో అది వరమయింది. దాన్ని ఎగతాళి చేసేవాళ్ళు ఆకలి ఎరగనివాళ్ళు. తరువాత జూరాల, ఆ పైన నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చాయి. నీళ్ళు పారినచోటల్లా వరిమడి వచ్చింది. 2015 నుంచి రేషన్‌లో మనిషికి నెలకి 6 కిలోలు, కిలో రూపాయికి. 2025 ఉగాదికి అదీ సన్నబియ్యం, ఉచితంగా. ఇప్పుడు దొరవారి తిండి అందరి తిండి. పొద్దున అన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. పొద్దున కాస్త మార్పు కావాలంటే ఇడ్లీ, దోసె - అదీ బియ్యమే గదా! గద్వాల బస్టాండు దగ్గర ఉగ్గాని తిన్నా బొరుగులు వచ్చింది వడ్లలోంచే.

ఆరు కిలోలంటే రోజుకి 200 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పదార్థాల పట్టిక పెట్టుకుని లెక్క కట్టండి. వందగ్రాముల మరపట్టిన తెల్లబియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములు. అంటే రోజంతా తిన్న 200 గ్రాములకీ కలిపి 1.3. మనకి కావలసింది 29! అదే జొన్నల్లో వందగ్రాములకి దాదాపు 4, సజ్జల్లో 6.4. పీచు బియ్యంలో 2.8 గ్రాములైతే జొన్నల్లో 10. తైదల్లో సున్నం 364 మిల్లీగ్రాములు. బియ్యంలో అది పదికి కూడా ఎక్కదు. మనం పరువు కోసం వదులుకున్నది ఇదమ్మా.

కూర, పప్పు వుంటే తెల్లన్నం తిన్నా నష్టం లేదు. కాని కడబంతి కంచంలో మిగిలేదే కూరా పప్పూ లేని అన్నం. మగవాడి కంచంలో అన్నం పప్పుకి తోడు. ఆడదాని కంచంలో అన్నానికి తోడు పచ్చడి. అదే పూర్వం రొట్టె అయితే, ఉత్త కారంతో తిన్నా ఆ రొట్టెలోనే కాస్త ఇనుము, కాస్త పీచు వుండేవి. తిండి మారింది, వరస మాత్రం మారలేదు. రెండూ కలిసి మన మీద పడ్డాయి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. జొన్నలో అమృతం వుందని నేను అనను. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకి తరలి వచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 నాటికే ఒక సంగతి కనిపెట్టారు. జొన్న తప్ప వేరే దిక్కులేని పేదల్లో పెల్లగ్రా అనే జబ్బు - ఎండ తగిలే చోట చర్మం నల్లబడి బిరుసెక్కడం, నోరు పూయడం, విరేచనాలు - కనిపిస్తోందని. తప్పు జొన్నది కాదు, జొన్న ఒక్కటే తినటంలో వుంది. రొట్టెకి పప్పు, కూర, పాలు, పల్లీలు తోడయితే ఆ బాధ లేదు. మా దిక్కున రొట్టెలోకి పల్లి చట్నీ నూరుకోవడం రుచికనే అనుకుంటాం. పెల్లగ్రాను ఆపే నయాసిన్ అనే విటమిన్ పల్లీల్లో పుష్కలంగా వుంది. నాలుకకి తెలిసిన సంగతి శాస్త్రానికి తరువాత తెలిసింది.

నిన్న జొన్న ఒక్కటే తినటం పేదరికం. నేడు బియ్యం ఒక్కటే తినటం పరువు. ఒంటికి మాత్రం రెండూ ఒకటే.

ఒకే గిన్నె ఇంటిల్లిపాదికీ చాలుననుకోవడం మన రెండో పొరపాటు. ఒక్కో వయసుకి ఒక్కో అవసరం. వరసగా చూద్దాం.

చంటిబిడ్డకి ఆరు నెలలదాకా తల్లిపాలు చాలు. ఆరో నెల దాటాక పాలలోని ఇనుము సరిపోదు. మనం ఏం చేస్తాం? అన్నప్రాశన ఘనంగా చేసి, పాయసం నాకించి, ఫోటోలు తీయించుకుంటాం. మర్నాటినుంచి? పప్పు మీది తేట, లేకపోతే టీలో ముంచిన బిస్కట్టు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ప్యాకెట్టు ఇంట్లో పెద్దపిల్లలకి లడ్డూ అవుతుంది. మెత్తగా మెదిపిన పప్పన్నం, కాస్త నెయ్యి, ఉడికిన గుడ్డు, ఆకుకూర మెదిపి కలిపిన ముద్ద - ఇవి ఏ ఇంటికి బరువు? బిడ్డ పళ్ళు వచ్చేదాకా ఆగాలంటారు అవ్వలు. మెత్తగా చేసి పెడితే మింగడానికి పళ్ళెందుకమ్మా?

బడి పిల్లలకి పొద్దున్నే తినే టైముండదు. చేతిలో అయిదు రూపాయల బిళ్ళ పెట్టి పంపిస్తాం. ఆ అయిదు రూపాయలకి దుకాణంలో వేలాడే రంగురంగుల ప్యాకెట్టు వస్తుంది - ఉప్పు, నూనె, గాలి. వనపర్తి పల్లీలకి పేరుపడ్డ ఊరు. అక్కడి పిల్లాడు చిప్స్ ప్యాకెట్టు పట్టుకు తిరుగుతుంటే ఏమనాలి? పెరటి చెట్టు మందుకి పనికిరాదంటే ఇదేనేమో! వేయించిన పల్లీలు గుప్పెడు, బెల్లం ముక్క, జేబులో వేసి పంపండి. బడిలో పెట్టే గుడ్డు తింటున్నాడో లేదో కనుక్కోండి. మాకు గుడ్డు అలవాటు లేదంటారా, పెసర గుగ్గిళ్ళు, అలసంద గుగ్గిళ్ళు వుండనే వున్నాయి.

ఇక ఎదిగే ఆడపిల్ల. పెద్దమనిషి కాగానే నువ్వుల ముద్దలు, ఎండుకొబ్బరి, బెల్లం, నెయ్యి - చుట్టాలందరూ వరసపెట్టి తెచ్చి తినిపిస్తారు. ఎంత తెలివైన ఆచారం! నెత్తురు పోవటం మొదలయిన పిల్లకి ఇనుమూ, సున్నమూ వున్న తిండి పెట్టమని మన అవ్వలకి ఎవరు చెప్పారో గాని, సరిగ్గానే చెప్పారు. ఆ కొద్దిరోజులూ ఆమె రాణి. ఆ తరువాత? నెత్తురు ప్రతినెలా పోతుంది, నువ్వుల ముద్ద మాత్రం మళ్ళీ సీమంతానికే. పదహారు పదిహేడేళ్ళ పిల్లకి రోజుకి 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, తల్లికన్నా ఎక్కువ. గద్వాల, ఐజ చుట్టుపక్కల పత్తి విత్తనపు చేలల్లో క్రాసింగ్ పనికి తెల్లవారుతూనే వెళ్ళే పిల్లల్ని తలుచుకోండి. ఒక గ్లాసు టీ తాగి చేలోకి దిగితే ఆ పిల్ల కళ్ళు తిరిగి పడదూ? పడితే దిష్టి తీస్తాం!

గర్భిణి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని తినే రెండు ముద్దల్లో ఒక ముద్ద కోస్తారు. కాన్పయ్యాక పథ్యమని కూరలూ పళ్ళూ మాన్పించి, కారప్పొడితో అన్నం పెడతారు. బిడ్డకి పాలిచ్చే తల్లికి కారప్పొడి పథ్యమా? 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరున అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకి ఒకపూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు పెట్టే ఏర్పాటు జరిగింది. అక్కడే కూర్చుని తినమని ఎందుకన్నారు? ఇంటికి తెస్తే ఆ గుడ్డు ఎవరి నోట్లోకి పోతుందో ఆ ఏర్పాటు చేసినవాళ్ళకి తెలుసు గనుక. కాని "మన ఇంట్లో తిండి లేదా, అక్కడికి పోయి నలుగురిలో కూర్చుని తింటావా?" అని కోడలి కాళ్ళకి అడ్డం పడే పరువుగల అత్తమ్మలున్నారు. పరువు చాలా గొప్పదమ్మా, రక్తపరీక్షలో మాత్రం అది కనిపించదు.

నలభై దాటాక కథ అడ్డం తిరుగుతుంది. ఆ సర్వేలోనే తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో నూటికి 18 మంది, ఆడవాళ్ళలో 14 మందికి పైగా చక్కెర ఎక్కువ వున్నవాళ్ళో, దానికి మందులు మింగేవాళ్ళో. ఆడవాళ్ళలో నూటికి 30 మంది వుండవలసినదానికన్నా బరువున్నవాళ్ళు, దాదాపు 19 మంది వుండవలసినదానికన్నా బక్కవాళ్ళు. ఒకే ఇంట్లో ఆయనకి సుగరు, ఆమెకి నెత్తురు లేమి. ఒకే తెల్లన్నం ఇద్దరికీ రెండు రకాల చెరుపు చేస్తోంది. ఒళ్ళు వంచి నాగలి దున్నినప్పుడు ఖర్చయిపోయిన అన్నం, ట్రాక్టరెక్కాక, కుర్చీలో కూర్చున్నాక ఎక్కడికి పోతుంది? అప్పుడు డాక్టరు "రాత్రిపూట అన్నం మానెయ్యండి, జొన్నరొట్టె తినండి" అంటాడు. ఆహా! తాత తిన్న రొట్టెని మనవడు మందుచీటీ మీద తెచ్చుకుంటున్నాడన్నమాట. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమన్నారు. మన ప్రభుత్వం వాటికి శ్రీఅన్న అని పేరు పెట్టింది. పేరు మారేసరికి ధర కూడా మారింది. పేదవాడి తిండి అని మనం సిగ్గుపడి వదిలేసినదాన్ని అద్దాల దుకాణంలో ప్యాకెట్టు కట్టి అమ్ముతుంటే కొనలేక చూసేది మళ్ళీ ఆ పేదవాడే.

ముసలివాళ్ళకి పళ్ళు లేవు గనుక మెత్తటన్నం, మజ్జిగ, ఊరగాయ. అంతే. వయసు మళ్ళేకొద్దీ కండ కరుగుతుంది, దానికి పప్పు, గుడ్డు, పాలు వుండాలి. బి.పి. వున్న మనిషికి మూడుపూటలా ఊరగాయ పెడితే రోజుకి అయిదు గ్రాములు దాటకూడదన్న ఉప్పు రెండు పూటలకే దాటిపోతుంది. పళ్ళు లేకపోతే రొట్టె వద్దు, గటక వుంది, అంబలి వుంది, పెసరకట్టు వుంది. "ఇంకెన్నాళ్ళుంటాం లేమ్మా, ఏదో ఒకటి" అంటారు వాళ్ళు. అన్నంతమాత్రాన మనం ఏదో ఒకటే పెట్టాలా?

నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో చెంచువాళ్ళ సంగతి ఇంకా దిగులు పుట్టిస్తుంది. అడవిగడ్డలు, తేనె, ఇప్పపువ్వు, ఆకులు, వేట - ఋతువుకో రకం తిన్నవాళ్ళు వాళ్ళు. అడవి దూరమవుతూ వుంటే వాళ్ళ కంచంలోకి కూడా అదే తెల్లన్నం వచ్చింది. పది రకాలు పోయి ఒకటి రావటాన్ని అభివృద్ధి అనమంటే నాకు నోరు రాదు.

ఇంతవరకూ చదివి కొందరు అక్కయ్యలు నా మీద కోపగించుకునే వుంటారు. "చెప్పొచ్చావులే! కుక్కర్లో బియ్యం పడేస్తే మూడు కూతల్లో అన్నం అవుతుంది. ఇంటిల్లిపాదికీ రొట్టెలు కొట్టేదెవరు? సెగ ముందర గంట కూర్చునేదెవరు? నువ్వొస్తావా?" అని. ఈ ప్రశ్న నూటికి నూరుపాళ్ళూ న్యాయమైనది. జొన్నరొట్టె గొప్పతనం మీద ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులెవరూ పిండి పిసికిన పాపాన పోరు. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. వేణ్ణీళ్ళతో కలిపి ఒక్కొక్కటీ అరచేత్తో కొట్టాలి. మన తల్లులు జొన్నని వదిలింది పరువుకోసమే కాదు, నడుము నొప్పి వల్ల కూడా. కాబట్టి రొట్టె మళ్ళీ ఇంటికి రావాలంటే మన నడుం మీద ఎక్కి రాకూడదు. గటకకి కొట్టడం లేదు, జొన్నరవ్వ వేసి అన్నంలాగే వండుకోవచ్చు. ఊళ్ళల్లో సాయంకాలం రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర కొనటం నామోషీ కాదు. ఇంకొకటి, రొట్టె కొట్టడానికి చేతులుంటే చాలు, ఆడచేతులే అయివుండాలని ఏ శాస్త్రంలోనూ లేదు. డాక్టరు రొట్టె తినమన్నది ఎవరిని? తినవలసినవారు కొట్టడం నేర్చుకుంటే ఇంకా మంచిది.

ఇంకొందరు "తినాలంటే డబ్బు వుండాలి గదా" అంటారు. నిజమే. ఇది మన ఒక్క వంటింటి తప్పు కాదు. రేషన్ సంచిలో బియ్యం తప్ప పప్పు గింజ లేకపోతే ఇల్లాలు ఏం చేస్తుంది? 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పేరున 185 రూపాయలకి కందిపప్పు, చింతపండు, నూనెతో సహా తొమ్మిది సరుకులిచ్చారు. ఆ పథకం ఆగిపోయింది. అదే 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతోబాటు జొన్న, సజ్జలాంటి ముతక ధాన్యాలూ కిలో రూపాయికి ఇవ్వవచ్చని అప్పుడు రాశారు. కృష్ణ దాటి రాయచూరు దిక్కు చూడండి, కర్ణాటకలో దక్షిణాన రాగులు, ఉత్తరాన జొన్నలు రేషన్‌లో ఇచ్చిన అనుభవం వుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలోనే పాలెంలో వ్యవసాయ పరిశోధనా స్థానం వుంది, జొన్న వంగడాల మీద పనిచేసింది. విత్తనం వుంది, నేల వుంది, చట్టం వుంది. వరి వేసినవాడికి కొంటారన్న భరోసా వుంది. జొన్న వేసినవాడికి అంత భరోసా లేదు. ఓటు అడగడానికి వచ్చినవాళ్ళని సన్నబియ్యం సంగతి అందరూ అడుగుతారు. ఆ సంచిలో రెండు కిలోల జొన్నలూ, కిలో కందిపప్పూ ఎందుకు లేవని మనమైనా అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు, సర్కారు పెడుతుందా?

ఈలోగా డబ్బుతో పనిలేనివి కొన్ని వున్నాయి. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి. భోజనానికి గంట ముందూ, గంట తరువాతా టీ, కాఫీలు వద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. తిన్న ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోండి, లేదా ఒక ఉసిరికాయ, జామకాయ తినండి, పట్టేది పెరుగుతుంది. గంగవాయిలి కూర, తోటకూర, మునగాకు గట్టు మీద దొరికేవే. ఇక ఒక్కపొద్దులు. సోమవారం ఒకటి, శనివారం ఒకటి, ఏకాదశి ఒకటి, కొడుకు పరీక్షకొకటి, ఆయన ప్రమోషనుకొకటి. దేవుడి మీద నాకూ భక్తి వుంది. కాని ఇంటిల్లిపాది మొక్కులకీ ఒక్క మనిషి కడుపే మాడాలా? కొడుకు పరీక్షకి కొడుకే ఒక్కపొద్దు వుంటే దేవుడు కాదంటాడా?

ఇన్ని చెప్పినా, వరస మారకపోతే అన్నీ వృథా. కంచంలోకి ఏం రావాలన్నది డబ్బు తేలుస్తుంది, సర్కారు తేలుస్తుంది, నేల తేలుస్తుంది. ఎవరు ముందు, ఎవరు తరువాత అన్నది మాత్రం ఏ సర్కారూ తేల్చలేదు, మన చేతిలో గరిటె తేలుస్తుంది. ఈ రాత్రి ఇంట్లో ఎంతమంది వుంటే అన్ని కంచాలూ ఒకేసారి పెట్టండి. పప్పు అన్నిట్లోనూ ముందే వడ్డించి, మీరూ వాళ్ళతో కూర్చోండి. చాలకపోతే చాలలేదని అందరికీ తెలియనివ్వండి. రేపు కాస్త ఎక్కువ పప్పు వెయ్యాలనో, ఎల్లుండి ఇంకాస్త సంపాదించాలనో అందరూ ఆలోచిస్తారు. ఆ చాలనితనాన్ని రోజూ మీ ఒక్కరి కడుపులో దాచుకుంటూ పోతే, ఇంట్లో తిండి చాలడం లేదన్న సంగతి ఎవరికీ ఎప్పటికీ తెలియదు.